మోషన్ టెస్ట్ రిపోర్టులో ఉండనివి

1993 ఏప్రిల్ 5, సోమవారం. అమెరికాలో మిచిగాన్ సరస్సు ఒడ్డున ఉన్న మిల్వాకీ నగరంలో ఆసుపత్రి సిబ్బంది, టీచర్లు, బడిపిల్లలు పెద్ద సంఖ్యలో మంచం పట్టారని నగర ఆరోగ్యశాఖ రాష్ట్ర అధికారులకు కబురు పెట్టింది. అందరిదీ ఒకటే బాధ: నీళ్ళ విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. మందుల షాపుల్లో విరేచనాలు కట్టే మాత్రలకు ఎక్కడలేని గిరాకీ. ల్యాబుల్లో మలం కల్చర్ పెడితే మామూలుగా అనుమానించే బ్యాక్టీరియా ఏదీ పెరగడం లేదు. మైక్రోస్కోపు కింద మామూలు పరీక్ష చేస్తే పరాన్నజీవులూ కనిపించడం లేదు. రిపోర్టులు శుభ్రంగా ఉన్నాయి, ఊరికి మాత్రం జబ్బు చేసింది.

ఏప్రిల్ 7న రెండు ల్యాబులు ఏడుగురు పెద్దవాళ్ళ మలంలో క్రిప్టోస్పోరిడియం అనే ఏకకణజీవిని పట్టుకున్నాయి. ఆ రాత్రే కుళాయి నీళ్ళు మరగకాచి తాగమని మేయర్ ప్రకటించాడు. 9వ తేదీన నగరానికి దక్షిణాన ఉన్న నీటిశుద్ధి కేంద్రం మూతపడింది. ఆ తర్వాత లెక్క కడితే జబ్బుపడినవారు సుమారు 4,03,000 మంది అని తేలింది. ల్యాబులో నిర్ధారణ అయినవారు అందులో కొన్ని వందలమందే. ఆరోగ్యవంతులు ఓ తొమ్మిది రోజులు అవస్థపడి లేచారు. చనిపోయినవారిలో ఎక్కువమంది ఎయిడ్స్ ఉన్నవాళ్ళు. నీళ్ళలో క్లోరిన్ కలపక కాదు, మామూలుగా కలిపే మోతాదు క్లోరిన్‌కు చావని జీవి అది.

ఈ కథలో నీళ్ళ సంగతి అందరూ చెబుతారు. ల్యాబు సంగతి అంతకన్నా ముఖ్యమని నాకనిపిస్తుంది. ఆ రోజుల్లో అక్కడి ల్యాబుల్లో చాలావాటిలో, పరాన్నజీవుల పరీక్ష అడిగితే క్రిప్టోస్పోరిడియం కోసం చూసేవారు కాదు. డాక్టరు పేరుపెట్టి రాస్తేనే దానికి వేరే రంగు వేసి వెతికేవారు. ఎయిడ్స్ రోగికి తప్ప అలా రాయాలని డాక్టర్లకు తట్టేది కాదు. కాబట్టి వందలాది రిపోర్టుల్లో ‘కనబడలేదు’ అన్న మాట అబద్ధం కాదు. వెతికినవాటిలో ఏదీ కనబడలేదు, అంతే.

మన దగ్గర మోషన్ టెస్ట్ కాగితం ఒకటి తీసి చూడండి. రంగు, గట్టిదనం, జిగట, రక్తం, పస్ సెల్స్ ఇన్ని, ఎర్రకణాలు ఇన్ని, చివరన ‘ఓవా, సిస్ట్: నిల్’. ఏ పద్ధతిలో చూశారో, నమూనా ఇచ్చిన ఎంతసేపటికి చూశారో, వేటి కోసం చూశారో అందులో ఉండదు. రిపోర్టు విలువంతా ఆ రాయని మూడు సంగతుల్లోనే ఉంది.

పరీక్ష చూడ్డానికి చాలా తేలిక. గ్లాసు స్లైడు మీద ఒకవైపు సెలైన్ చుక్క, ఇంకోవైపు అయోడిన్ చుక్క. సన్నటి పుల్లతో కాస్తంత మలం తీసి రెండింటిలోనూ కలిపి, పైన కవర్ స్లిప్ వేస్తారు. స్లైడును అచ్చుకాగితం మీద పెడితే కింది అక్షరాలు చదవగలిగేంత పలుచగా ఉండాలి. అలా చేస్తే కవర్ స్లిప్ కింద ఉండే మలం సుమారు 2 మిల్లీగ్రాములు. రోగి రోజులో విసర్జించే వందల గ్రాముల నుంచి ఆ రెండు మిల్లీగ్రాములు చూసి తీర్పు చెప్పాలన్నమాట. సెలైన్‌లో బతికున్నవి కదులుతూ కనిపిస్తాయి. అయోడిన్ వాటిని చంపేస్తుంది కానీ, సిస్టుల లోపలి కేంద్రకాలను తేటగా చూపిస్తుంది. సిస్టు అంటే పరాన్నజీవి గట్టి పొర కప్పుకుని బయటి ప్రపంచాన్ని తట్టుకునే దశ. పక్వమైన సిస్టులో నాలుగు కేంద్రకాలుంటే జబ్బు చేసే అమీబా కావచ్చు. ఎనిమిది ఉంటే ఎంటమీబా కోలై అనే దాని దాయాది, దానివల్ల హాని లేదు. కవర్ స్లిప్ ఈ కొస నుంచి ఆ కొసకు వరస తప్పకుండా జరుపుతూ చూస్తే ఒక్కో స్లైడుకు పది నిమిషాలు సులువుగా పడుతుంది. రోజుకు డెబ్భై ఎనభై నమూనాలు వచ్చే ల్యాబులో ఆ పది నిమిషాలు ఎవరికి దొరుకుతాయో మీరే ఆలోచించండి.

అసలు చిక్కు సమయం దగ్గర. మోషన్ నీళ్ళలా పోతున్నప్పుడు అందులో ఉండేది ఎక్కువగా ట్రోఫోజోయిట్లు, అంటే పొర లేకుండా కదిలే, తినే, పెరిగే దశ. శరీరం బయట అవి ఎంతోసేపు బతకవు. నీళ్ళ విరేచనం నమూనాను అరగంటలో చూడాలని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. మూత్రం కలిసినా అవి చస్తాయి. మలం గట్టిగా ఉంటే అందులో ఉండేవి సిస్టులు కాబట్టి కొన్ని గంటలు ఆగినా ఫరవాలేదు. మన ఇళ్ళలో జరిగేదేమిటి? పొద్దున్నే ఆరింటికి డబ్బాలో పట్టి, తొమ్మిదింటికి కౌంటర్లో ఇచ్చి, బిల్లు కట్టి వస్తాం. మిగతా నమూనాలతో పాటు అది టెక్నీషియన్ బల్ల మీదికి చేరేసరికి పదకొండవుతుంది. అప్పటికి కదిలే అమీబా ఆగిపోయి, కరిగిపోయి ఉంటుంది. మిగిలేవి పస్ సెల్స్, వాటితోపాటు మాక్రోఫేజ్‌లనే పెద్ద రక్షణ కణాలు. అమీబాను మాక్రోఫేజ్ అనుకోవడం, మాక్రోఫేజ్‌ను అమీబా అనుకోవడం రెండూ అనుభవం ఉన్నవాళ్ళకూ జరిగే పొరపాట్లే. పైగా ఆ ఉదయానికే మెడికల్ షాపువాడిచ్చిన మాత్ర ఒకటి రెండు రోజులుగా కడుపులో పనిచేస్తూ ఉంటుంది. ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర వేసుకున్నాక మోషన్ టెస్టుకు వెళ్ళడం, సాక్షిని ఊరు దాటించాక విచారణ మొదలుపెట్టినట్టే.

పరాన్నజీవులు రోజూ ఒకేలా బయటికి రావు. జియార్డియా అనే పేగు పరాన్నజీవి ఉన్న మనిషి నుంచి ఒక్క నమూనా తీసుకుంటే దొరికే అవకాశం సగానికి కాస్త ఎక్కువ. అందుకే రోజు విడిచి రోజు మూడు నమూనాలు చూడాలంటారు. ఫార్మలిన్, ఈథర్‌తో కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కొవ్వూ చెత్తా పైకి తేల్చి, సిస్టులనూ పురుగు గుడ్లనూ అడుక్కి చేర్చే పద్ధతిని 1948లోనే రిచీ ప్రతిపాదించాడు. ఖరీదైనది కాదు. దాన్ని మామూలు ల్యాబుల్లో అడిగేవాళ్ళు లేరు కాబట్టి చేసేవాళ్ళూ లేరు.

క్రిప్టోస్పోరిడియం సంగతైతే మరీ విచిత్రం. దాని సిస్టు దశను ఊసిస్టు అంటారు, అది 4 నుంచి 6 మైక్రాన్లు, మన ఎర్రకణం కన్నా చిన్నది. సెలైన్‌లో చూస్తే ఈస్ట్ కణంలాగే ఉంటుంది, అయోడిన్‌లోనూ ఏ ఆనవాలూ ఇవ్వదు. యాసిడ్ ఫాస్ట్ రంగు వేస్తే మాత్రం నీలం వెనుకరంగు మీద ఎర్రగా నిలబడుతుంది. ఈ రంగు మనకు కొత్త కాదు, కళ్ళెలో క్షయ క్రిమిని చూడ్డానికి దశాబ్దాలుగా ప్రభుత్వ ల్యాబుల్లో వేస్తున్న జీల్-నీల్సన్ రంగే. ఆమ్లం కాస్త పలుచన చేస్తే చాలు. మండలస్థాయి ఆసుపత్రిలో కళ్ళె పరీక్షకు ఉన్న సీసాలతోనే చేయగల పరీక్ష ఇది. చీటీ మీద ఎవరో ఒకరు రాయాలి, అంతే.

ఇంతవరకూ చెప్పింది ఉన్నదాన్ని చూడలేకపోవడం గురించి. దీనికి ఎదురు పొరపాటు ఒకటుంది, మన దగ్గర దానిదే పైచేయి. ‘నాకు అమీబియాసిస్ ఉందండీ’ అని పదేళ్ళుగా చెప్పుకునే చుట్టం మీకూ ఒకరుండే ఉంటారు. కాఫీ తాగగానే బాత్‌రూముకు పరుగు, పెళ్ళిభోజనం చేస్తే రెండు రోజులు కడుపుబ్బరం, ఎప్పుడో ఒక రిపోర్టులో ‘ఎంటమీబా హిస్టోలిటికా సిస్టులు కనిపించాయి’ అన్న వాక్యం. ఆ వాక్యం ఆధారంగా ఏడాదికి రెండు కోర్సుల మెట్రోనిడజోల్ అనే అమీబా మందు, నోట్లో ఇనుప రుచి. వీళ్ళలో చాలామందికి ఉన్నది అమీబా కాదు, ఐబీఎస్ అని పిలిచే పేగుల చికాకు.

ఆ సిస్టులు మరి? వాటి వెనక ఒక శతాబ్దపు తగువు ఉంది. 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్యోదర్ లోష్ అనే వైద్యుడు రక్తవిరేచనాల రోగి మలంలో అమీబాలను చూసి వర్ణించాడు. 1913లో ఫిలిప్పీన్స్‌లో వాకర్, సెల్లార్డ్స్ అనే పరిశోధకులు జైల్లోని ఖైదీలకు అమీబా సిస్టులు తినిపించి చూశారు. ఈనాడైతే ఏ నైతిక సంఘమూ ఒప్పుకోని ప్రయోగం. 18 మందికి అమీబా పట్టింది, వాళ్ళలో జిగట విరేచనాలు వచ్చినవారు నలుగురే. మిగతా పద్నాలుగు మందిని అది ఎందుకు వదిలేసింది? 1925లో ఫ్రెంచి పరాన్నజీవి శాస్త్రవేత్త ఎమిల్ బ్రుంప్ట్ ఒక జవాబు చెప్పాడు: మైక్రోస్కోపులో ఒకేలా కనిపించే ఈ జీవి నిజానికి రెండు జాతులు, ఒకటి పేగును కొరుకుతుంది, రెండోది ఊరికే ఉంటుంది. రెండోదానికి ఎంటమీబా డిస్పార్ అని పేరు కూడా పెట్టాడు. కంటికి తేడా కనబడనప్పుడు రెండు జాతులేమిటని తోటి శాస్త్రజ్ఞులు కొట్టిపారేశారు. ఎంజైముల తేడాలూ, ఆ తర్వాత డీఎన్‌ఏ తేడాలూ బయటపడ్డాక, 1993లో డైమండ్, క్లార్క్ ఆ రెంటినీ హిస్టోలిటికా, డిస్పార్ అనే వేర్వేరు జాతులుగా మళ్ళీ వర్ణించారు. బ్రుంప్ట్ మాట నెగ్గడానికి 68 ఏళ్ళు పట్టింది.

1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ల్యాబులకు ఒక సూచన చేశారు: సిస్టు కనిపిస్తే ‘హిస్టోలిటికా లేదా డిస్పార్’ అని రాయండి, లక్షణాలు లేని మనిషికి ఆ కాగితం ఒక్కటే చూసి మందివ్వకండి. ఏ ఇబ్బందీ లేకుండా అమీబా మోసేవాళ్ళలో అత్యధికుల దగ్గర ఉండేది డిస్పారే. ఆ సూచన వచ్చి పాతికేళ్ళు దాటినా మన రిపోర్టులు పాత పేరే రాస్తున్నాయి. మైక్రోస్కోపుతోనే నమ్మకంగా చెప్పగల సందర్భం దాదాపు ఒక్కటే: ఎర్రకణాలను మింగి కదులుతున్న ట్రోఫోజోయిట్ తాజా నమూనాలో కనిపించడం. లేదంటే దాని ప్రోటీన్లను పట్టే యాంటిజెన్ పరీక్షో, డీఎన్‌ఏను పట్టే పీసీఆరో కావాలి. యాంటిజెన్ కిట్లలోనూ కొన్ని ఆ రెంటినీ విడదీయలేవు. నిజంగా హిస్టోలిటికా అని తేలితే మెట్రోనిడజోల్ ఒక్కటే సరిపోదు కూడా, అది పేగు గోడలోని వాటిని చంపుతుంది గాని పేగు లోపల ఉండే సిస్టులను పూర్తిగా తుడిచేయదు. వెనకాలే డైలోక్సనైడ్ ఫ్యురోయేట్ లాంటి మందు ఇవ్వాలి.

అలాగని అమీబాను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 1933లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతున్నప్పుడు, పక్కపక్కనే ఉన్న రెండు హోటళ్ళలో మురుగు గొట్టాల నీరు తాగునీటి గొట్టాల్లో కలిసింది. అతిథులు ఊళ్ళు చేరాక జబ్బుపడ్డారు. 1,400 మందికి పైగా అమీబా విరేచనాలు, వంద దాకా చావులు. ఇది వేడి దేశాల జబ్బు అనుకున్న డాక్టర్లు కొందరిని అపెండిసైటిస్ అని కోశారు, కొందరికి పేగుపూత అని వైద్యం చేశారు. టెక్సస్ గినన్ అనే పేరున్న నటి ఆ ఏడాది నవంబరులో వాంకూవర్‌లో ఈ జబ్బుతోనే చనిపోయింది. ఈ పాఠం ఇప్పటికీ పాతబడలేదు. అల్సరేటివ్ కొలైటిస్‌కు స్టెరాయిడ్లు మొదలుపెట్టే ముందు అమీబా లేదని తేల్చుకోవాలి, ఉంటే ఆ మందు పేగుకు చిల్లులు పడేదాకా తెస్తుంది. అమీబా కాలేయానికి చేరి చీముగడ్డ కట్టినప్పుడు మరో తమాషా: చాలామందికి విరేచనాలే ఉండవు, మోషన్ టెస్టులో ఏమీ దొరకదు. అక్కడ అల్ట్రాసౌండు, రక్తపరీక్ష తప్ప దారి లేదు.

చిన్నపిల్లల్లో లెక్క ఇంకా వేరు. పిల్లాడికి జిగటా రక్తమూ పడగానే అమీబా అనేయడం మనకు అలవాటు. ఆ వయసులో అది షిగెల్లా అనే బ్యాక్టీరియా వల్ల కావడమే ఎక్కువ. ముందు దానికి యాంటీబయాటిక్ ఇవ్వమనీ, ఎర్రకణాలు మింగిన అమీబా కనిపిస్తేనో, రెండు వేర్వేరు యాంటీబయాటిక్‌లకు లొంగకపోతేనో అమీబాకు మందివ్వమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

2007 నుంచి 2011 దాకా ఏడు దేశాల్లో, మనవైపు నుంచి కోల్‌కతాలో, అయిదేళ్ళ లోపు పిల్లల మీద జెమ్స్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన విరేచనాలున్న 9,439 మంది పిల్లలు, వాళ్ళకు జతగా అదే వాడలోని విరేచనాలు లేని 13,129 మంది. అందరి మలాన్నీ ఒకే తీరున పరీక్షించారు. విరేచనాలున్న పిల్లల్లో 83 శాతం మందిలో ఏదో ఒక రోగకారకం దొరికింది. ఏ జబ్బూ లేకుండా ఆడుకుంటున్న పిల్లల్లో? 72 శాతం మందిలో. ఆ రెండో అంకె తెలియకపోతే మొదటిదాన్ని చూసి ఎంత మోసపోతామో! రెంటినీ పక్కపక్కన పెట్టి లెక్కవేశాక మిగిలిన అసలు దోషులు ముఖ్యంగా నాలుగే: రోటావైరస్, షిగెల్లా, ఇ. కోలై బ్యాక్టీరియాలో ఒక రకం, మిల్వాకీని పడుకోబెట్టిన క్రిప్టోస్పోరిడియం. ఏడాది లోపు పిల్లల్లో రోటావైరస్ తర్వాతి స్థానం క్రిప్టోస్పోరిడియందే. అప్పటిదాకా ప్రధానంగా ఎయిడ్స్ రోగుల జబ్బుగా పుస్తకాల్లో ఉన్న జీవి అది. జియార్డియా మాత్రం జబ్బులేని పిల్లల్లోనే ఎక్కువగా కనిపించింది.

దాన్నిబట్టి జియార్డియాను పూర్తిగా నిర్దోషిగా వదిలేయనక్కర్లేదు. తీవ్రమైన, అప్పటికప్పుడు వచ్చే విరేచనాలకు అది కారణం కాకపోవచ్చు. వారాల తరబడి సాగే, జిడ్డుగా తేలే, దుర్వాసన వేసే విరేచనాలకు అది పాత నేరస్థురాలు. దాన్ని మొట్టమొదట చూసినవాడు తన మలంలోనే చూశాడు. 1681లో హాలండులోని డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ తనకు కడుపు జారినప్పుడు పలుచటి మలాన్ని సొంతంగా చేసుకున్న కటకం కింద పెట్టి, చదునైన పొట్ట, చిన్న చిన్న కాళ్ళు ఉన్న జీవులను వర్ణిస్తూ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. రోజుకు ఎన్నిసార్లు వెళ్ళాడో, ఏ పంది మాంసం తిన్న తర్వాత వెళ్ళాడో కూడా రాశాడు. ఇప్పటి ల్యాబు చీటీల్లో అంత వివరం ఉండదు.

జియార్డియా కాపురం చిన్నపేగు మొదట్లో. అక్కడి నుంచి మలందాకా వచ్చేవి కొన్నే. మలంలో దొరకనప్పుడు వెనకటికి దారం పరీక్ష చేసేవారు: దారం చుట్టిన క్యాప్సూల్ మింగించి, రెండో కొసను చెంపకు అతికించి, కొన్ని గంటలాగి బయటికి లాగి, చివర అంటుకున్న జిగటను స్లైడు మీద చూడటం. ఇప్పుడు యాంటిజెన్ పరీక్ష ఆ బాధ తప్పించింది. స్ప్రూ అనే దీర్ఘ విరేచనాల జబ్బును నిర్ధారించే ముందు కూడా జియార్డియా లేదని చూసుకోవాలి, రెండూ పోషకాలు ఒంటికి పట్టనీయకుండా మనిషిని ఒకేలా చిక్కిస్తాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తన ఇద్దరు సోదరులను పోగొట్టుకున్నది ఈ స్ప్రూకే. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బుకు మందయింది.

నట్టల మాట కూడా ఒకటి చెప్పుకోవాలి. ఏలికపాములు, కొంకిపురుగులు ఉన్నంత మాత్రాన విరేచనాలు కావు. నులిపురుగుల మందుగా బళ్ళలో ఏటా ఇచ్చే ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర అమీబాను ఏమీ చేయదు. విరేచనాల విషయంలో మినహాయింపు స్ట్రాంజిలాయిడిస్ అనే సన్నటి పురుగు. అది మలంలో గుడ్లు కాక పిల్లపురుగులను వదులుతుంది, అదీ అరకొరగా. అగార్ పళ్ళెంలో మలం పెట్టి రెండు రోజులాగితే, పాకిన దారిపొడుగునా బ్యాక్టీరియా మొలిచి పురుగు జాడను గీతల్లా చూపిస్తుంది. ఇదీ స్టెరాయిడ్ల ముందు వెతకాల్సినదే. రోగనిరోధక శక్తి తగ్గితే ఒళ్ళంతా పాకి ప్రాణం తీస్తుంది.

ఇన్ని చెప్పాక ఎవరికి పరీక్ష చేయించాలన్న ప్రశ్న వస్తుంది. నిన్న మొదలైన నీళ్ళ విరేచనాలకు దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. అక్కడ పని ఓఆర్‌ఎస్‌ది, పిల్లలకైతే జింకుది కూడా. పధ్నాలుగు రోజులు దాటినా తగ్గకపోతే, రక్తం పడుతుంటే, మనిషికి హెచ్‌ఐవీ ఉన్నా, కిడ్నీ మార్పిడి అయినా, కీమో నడుస్తున్నా, ఒకే కుళాయి నీళ్ళు తాగిన వీధంతా పడకేసినా పరీక్ష కావాలి. అప్పుడు చీటీ మీద ‘స్టూల్ రొటీన్’ అని వదిలేయకుండా, ఎన్ని రోజులుగా ఉందో, ఏ మందులు వాడారో, దేన్ని అనుమానిస్తున్నారో డాక్టరు రాయాలి. రాయకపోతే రోగి అడగొచ్చు, తప్పేం లేదు.

పెద్ద ఆసుపత్రుల్లో ఇప్పుడు మలంలోని డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలను చూసే పీసీఆర్ ప్యానెళ్ళు వచ్చాయి. ఒక పేరున్న ప్యానెల్ గంటలో 22 రోగకారకాలను వెతుకుతుంది. అందులో పరాన్నజీవులు నాలుగే: క్రిప్టోస్పోరిడియం, సైక్లోస్పోరా, హిస్టోలిటికా, జియార్డియా. పురుగులు లేవు. డిస్పార్ చిక్కు అది తీరుస్తుంది. జెమ్స్‌లోని 72 శాతం చిక్కు మాత్రం తీరదు సరికదా, ముదురుతుంది. ఎంత చిన్న జాడనైనా పట్టే పరీక్ష కాబట్టి మన పిల్లల్లో ఒకే రిపోర్టులో మూడు పేర్లు రావడం వింత కాదు. వేల రూపాయలు పోసి తెచ్చుకున్న కాగితం కాబట్టి మూడింటికీ మందులు రాయాలన్న ఒత్తిడి డాక్టరు మీద ఉంటుంది. ఆ మూడింటిలో ఏది ఈ వయసుకు, ఈ లక్షణాలకు, ఇన్ని రోజుల విరేచనాలకు సరిపోతుందో యంత్రం చెప్పదు.

మరీ ఎటూ తేలనిది బ్లాస్టోసిస్టిస్. మన రిపోర్టుల్లో తరచుగా కనిపిస్తుంది, ఆరోగ్యవంతుల్లోనూ అంతే తరచుగా. విరేచనాలకు అది కారణమనే పరిశోధనలున్నాయి, ఆరోగ్యమైన పేగుల్లోనే అది ఎక్కువగా కాపురముంటుందనే పరిశోధనలూ ఉన్నాయి. కాగితం మీద ఆ పేరొక్కటే ఉంటే జాగ్రత్తగల డాక్టర్లు వెంటనే మెట్రోనిడజోల్ రాయరు. మరో రెండు తాజా నమూనాలు అడుగుతారు, జియార్డియా యాంటిజెన్, క్రిప్టోస్పోరిడియం రంగు కూడా చూడమంటారు, పాలు తాగితే ఎక్కువవుతోందా అని విచారిస్తారు.